మఫ్టీలో లేనివాడి మనవి

నేను పోలీసును కాను.

ఈ ఒక్క ముక్క మీరు నమ్మితే వ్యాసం ఇక్కడితో ఆపేసి నా పని నేను చూసుకుంటాను. కానీ నమ్మరు. పోలీసు కానివాడెవడైనా 'నేను పోలీసును కాను' అని వ్యాసం మొదలుపెడతాడా అని ఈపాటికే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నా బతుకంతా ఇదే గొడవ.

బతుకంతా అంటే మరీ అంత కాదులెండి. గత ఏడెనిమిదేళ్లలో సియాటిల్ చుట్టుపక్కల స్ట్రిప్ క్లబ్బులకు నేను వెళ్లింది మొత్తం ఏడుసార్లు. దాచాడన్న మాట రాకూడదని లెక్క చెబుతున్నాను. అందులో ఐదు, పెళ్లి కుదిరిన స్నేహితులు ఇచ్చిన పార్టీలు. ఒకటి, విడాకులు వచ్చిన స్నేహితుడు ఇచ్చిన పార్టీ (ఆ ఐదుగురిలో ఒకడే). ఏడోది వేరే కథ. మొదటి ఆరుసార్లూ నన్ను మఫ్టీలో వచ్చిన పోలీసు అనుకున్నారు. ఒక మనిషిని ఒకసారి పొరబడితే పొరపాటు. ఆరుసార్లు పొరబడితే అది వివక్ష. దీని మీద ఇప్పటిదాకా ఏ హక్కుల సంఘమూ నోరు మెదపలేదు కాబట్టి నేనే మెదుపుతున్నాను.

మొదటిసారి ఏం జరిగిందో వినండి. గుమ్మం దగ్గర బౌన్సర్ గుర్తింపు కార్డు అడిగాడు. మావాళ్లు నలుగురూ రెండు వేళ్లతో కార్డు అలా చూపించి ఇలా లోపలికి వెళ్లిపోయారు. నేను కార్డు తీసి, అతనికి చదవడానికి వీలుగా తిప్పి, రెండు చేతులతో అందించి, అతను చూడటం పూర్తయ్యేదాకా నిటారుగా నిలబడి, థాంక్స్ చెప్పాను. తర్వాత, ఇంత చీకట్లో నిప్పంటుకుంటే ఎటు పరిగెత్తాలన్న భయం కొద్దీ, "ఎమర్జెన్సీ ఎగ్జిట్ ఎటువైపండీ?" అని అడిగాను.

ముడి అక్కడ పడింది. బౌన్సర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ప్యాంటులోకి దోపిన చొక్కా, పాలిష్ చేసిన నల్ల బూట్లు. నడుముకు ఫోన్ పెట్టుకునే తోలు సంచి. చీకట్లో అది ఫోన్ సంచో, మరొకటో చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. అతను చొక్కా కాలరుకున్న మైకులో ఏదో గొణిగాడు. నేను మావాళ్ల బల్ల దగ్గరికి చేరేలోపే డీజే పాట తగ్గించి, "మన క్లబ్బులో నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తామని గుర్తుచేస్తున్నాం" అని ప్రకటించాడు. స్టేజి మీద ఆడుతున్న అమ్మాయి ఆట ఆపకుండానే రెండడుగులు వెనక్కి వేసింది.

ఏసీ గాలి మెడ మీద పడితే నాకు తల పట్టేస్తుంది. అందుకని గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. అక్కడినుంచి తలుపూ, కౌంటరూ, స్టేజీ, ప్రైవేట్ గదుల వైపు వెళ్లే దారీ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. అది ఏసీ తప్పు, నాది కాదు. కూల్‌డ్రింక్ తెప్పించుకుని రసీదు అడిగాను. పార్టీ ఖర్చు ఐదుగురం పంచుకోవాలి కదా, రేపు లెక్క తేలొద్దూ? ఇక డ్యాన్సర్ల సంగతి. నాకు సిగ్గెక్కువ. మొహాలు తప్ప మరోవైపు చూడలేకపోయాను. అలాంటి చోట మొహాలు మాత్రమే చూసేవాళ్లు ఇద్దరే ఉంటారట. జేబులో ఫొటో పెట్టుకుని పోల్చుకునే పోలీసు ఒకడు, నేను ఒకణ్ని.

చివరికి ఒకమ్మాయి ధైర్యం చేసి మా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. నాకు ఊరికే కూర్చోవడం రాదు. మాట కలపాలి, అది మర్యాద. మీ పేరేమిటన్నాను. చెప్పింది. అసలు పేరా అన్నాను. ఇక్కడ ఎన్నాళ్లనుంచి పనిచేస్తున్నారన్నాను. ఓనరు రోజూ వస్తారా, డబ్బు వ్యవహారం ఎవరు చూస్తారు, రాత్రి ఎన్నింటికి మూస్తారు, ఇంటికి ఏ దారిన వెళతారు అన్నాను. పక్కనున్న పెళ్లికొడుకు బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. ఆమె లేచి నిలబడి, చాలా మర్యాదగా, "లాయర్ లేకుండా ఇక నేనేమీ మాట్లాడను" అనేసి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. నాలో పోలీసు లక్షణం ఏముంది? దొంగ అనిపించుకోవడానికి మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. పోలీసు అనిపించుకోవడానికి మాత్రం ఏమీ చెయ్యకుండా బుద్ధిగా కూర్చుంటే చాలు. క్యూలో నిలబడటం, బిల్లు చదవడం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తలూపడం. మా ఇంట్లో వీటిని పెంపకం అంటారు. స్ట్రిప్ క్లబ్బులో వీటిని ఆధారాలు అంటారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. రోడ్డు మీద పోలీసు కారు కనిపిస్తే ఏ తప్పూ చెయ్యకుండానే నా చెమట చొక్కా తడిపేస్తుంది. పోలీసంటే ఊళ్లో అందరికన్నా ఎక్కువ భయపడేవాణ్ని చూసి ఊరంతా పోలీసని భయపడుతోంది.

అసలు విషయమేమిటంటే, మఫ్టీలో ఉన్న పోలీసు పోలీసులా ఉండడు. ఉంటే జీతం దండగ. ఇందులో గురువుగారు ఇజ్జీ ఐన్‌స్టీన్. అమెరికాలో మద్యనిషేధం మొదలైన 1920లో, పోస్టాఫీసు గుమస్తాగా ఉన్నవాడు పోయి నిషేధ శాఖలో ఏజెంటు ఉద్యోగం అడిగాడు. పొట్టి, గుండ్రటి మనిషి. నువ్వు డిటెక్టివ్‌లా లేవయ్యా అన్నారట అధికారులు. అదే కదండీ నా అర్హత అన్నాడట. ఇచ్చారు. అతనూ, అతని నేస్తం మో స్మిత్ కలిసి ఐదేళ్లలో దాదాపు 4,900 మందిని పట్టుకున్నారు. సాక్ష్యం పోకుండా కోటు జేబులో ఒక గరాటు, దాని కింద సీసా పెట్టుకుని తిరిగేవాడు. పోసిన మందు పోసినట్టు కోర్టుకే వెళ్లేది. దొంగ బారులోకి నేరుగా వెళ్లి, నేను నిషేధ శాఖ ఏజెంటును, నాకో గ్లాసు పొయ్యండి అన్నాడని, బారువాడు పగలబడి నవ్వి పోశాడని కూడా కథ ఉంది. 1925లో ఇద్దరినీ ఇంటికి పంపేశారు. పేపర్లలో పేరు మరీ మోగిపోయిందన్నది అందరూ చెప్పుకునే కారణం.

ఇజ్జీ పోలీసునంటే నమ్మలేదు. నేను కాదంటే నమ్మడం లేదు. ఇద్దరికీ ఒక్కటే జబ్బు, చెరో వైపునుంచి.

పోలీసును పట్టుకోవడానికి ఈ లోకంలో అందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. 'నువ్వు పోలీసువా?' అని సూటిగా అడిగితే, పోలీసైతే చచ్చినట్టు నిజం చెప్పాలట. లేకపోతే కేసు కొట్టేస్తారట. ఇది శుద్ధ అబద్ధం. మారువేషంలో ఉన్న అధికారి తానెవరో దాచిపెట్టవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1966లోనే, లూయిస్ కేసులో చెప్పింది. పోలీసు చెయ్యకూడనిది వేరు. నేరం చేసే ఉద్దేశమే లేనివాడి వెంటపడి, బతిమాలి, వాడి చేత నేరం చేయించకూడదు. ఆ మాట 1932లో సోరెల్స్ కేసులో వచ్చింది. అదీ మందు గొడవే. టూరిస్టు వేషంలో వెళ్లిన ఏజెంటు మందు కావాలంటే సోరెల్స్ లేదన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ లేదన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇద్దరూ ఒకే డివిజన్‌లో ఉన్నారని తేలింది. ఆ అభిమానం మీద మళ్లీ అడిగితే కాదనలేక తెచ్చిచ్చాడు. తెచ్చిచ్చినందుకు అరెస్టు.

ఈ చట్టమంతా నాకెలా తెలుసంటారా? చదువుకున్నాను. నా కేసు నేనే వాదించుకోవాల్సి వస్తుందేమోనని. రెండోసారి వెళ్లినప్పుడు ఒక డ్యాన్సర్ సూటిగా అడిగింది, మీరు పోలీసా అని. కాదు అన్నాను. అది చాలదనిపించి, పోలీసైనా నిజం చెప్పాల్సిన అవసరం చట్టప్రకారం లేదనీ, కాబట్టి నా జవాబుకు సాక్ష్యంగా విలువ లేదనీ, 1966 నాటి తీర్పుతో సహా వివరించాను. నాలుగు నిమిషాల్లో ఆ గది ఖాళీ అయింది.

పోనీ అవునందామా? పోలీసు కానివాడు పోలీసునని చెప్పుకోవడం నేరం. ఫెడరల్ అధికారినని చెప్పుకుని పెత్తనం చేస్తే మూడేళ్ల దాకా జైలు. కాదంటే నమ్మరు, అవునంటే లోపలేస్తారు. ఏమీ అనకుండా నవ్వి ఊరుకుంటే, చూశావా ఎంత ట్రైనింగో అంటారు. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండు వైపులే. నాకు మూడు.

క్లబ్బులవాళ్ల భయాన్ని నేను తీసిపారెయ్యడం లేదు. 2018 జూలైలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఏం జరిగిందో చూడండి. నటి స్టార్మీ డేనియల్స్ అక్కడి క్లబ్బులో అతిథిగా ప్రదర్శన ఇస్తుంటే, ప్రేక్షకుల్లో మఫ్టీలో కూర్చున్న పోలీసులు లేచి అరెస్టు చేశారు. తమను తాకిందన్నది అభియోగం. తీరా చూస్తే, ఆ చట్టం ఆ క్లబ్బులో క్రమం తప్పకుండా ఆడేవాళ్లకే వర్తిస్తుంది, అతిథులకు కాదు. మర్నాడే కేసు ఎగిరిపోయింది. మరుసటి ఏడాది ఆ పోలీసు విభాగాన్నే ఎత్తేశారు. నగరం ఆమెకు 4,50,000 డాలర్లు చెల్లించి రాజీ పడింది. నేను రసీదు అడిగితే తప్పయింది కానీ, ఆ రాత్రికి నగరానికి పడిన బిల్లు చూడండి.

అదే చట్టంలో ఇంకో ముచ్చట ఉంది. ఒంటి మీద బట్ట సరిగా లేని డ్యాన్సరును ప్రేక్షకుడు తాకకూడదు, అయితే ఆమె సొంత కుటుంబ సభ్యుడైతే ఫరవాలేదు. నిజంగా అలాగే రాశారు. ఆ మినహాయింపు రాసిన మహానుభావుడు ఏ కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాశాడో నాకు అంతుపట్టలేదు. పెద్దనాన్నగారు టికెట్ కొనుక్కుని వస్తారనా? బావమరిది సొంత కుటుంబం కిందికి వస్తాడా, రాడా? మఫ్టీలో వచ్చిన పోలీసు ఆ అమ్మాయికి మేనమామ అయితే కేసు నిలుస్తుందా? చట్టసభల్లో ఇవి చర్చకు రావు.

దూరాల విషయంలో మా సియాటిల్ కూడా తక్కువేం తినలేదు. డ్యాన్సరుకూ కస్టమరుకూ మధ్య నాలుగడుగుల దూరం ఉండాలని, లోపల దీపాల వెలుగు పెంచాలని నగర కౌన్సిల్ 2005లో తీర్మానించింది. జనం ఒప్పుకోలేదు. 2006లో ఓటింగు పెట్టి కొట్టేశారు. ఆ ఓటింగు నాకు మాత్రం వర్తించినట్టు లేదు. నేను కూర్చున్న చోటినుంచి నలువైపులా పదేసి అడుగులు ఖాళీయే. దీపాలు కూడా నేను వచ్చాకే పెంచుతారు.

లాభాలు లేవనను. పార్కింగులో నా కారును ఎవరూ అడ్డగించరు. కూల్‌డ్రింక్ పిలవకముందే వస్తుంది, కొన్నిసార్లు మేనేజరే తెస్తాడు. మూడోసారి వెళ్లినప్పుడు పక్క బల్లమీది పెద్దమనిషి ఒకాయన గజగజ వణుకుతూ వచ్చి, "సార్, మిమ్మల్ని మా ఆవిడ పంపిందా?" అని అడిగాడు. అంటే నన్ను ప్రైవేట్ డిటెక్టివ్ అనుకున్నాడు. దాన్ని ప్రమోషన్ అనాలో డిమోషన్ అనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. లేదన్నాను. నమ్మలేదు. బిల్లు మొత్తం కట్టి, మా బిల్లు కూడా కట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మావాళ్లు పార్టీ అంటే ముందు నాకే ఫోన్ చేస్తున్నారు.

వేషం మార్చి చూశాను. నాలుగోసారి చొక్కా బయటికి వదిలేసి, పూల డిజైన్‌దొకటి వేసుకుని, గడ్డం పెంచి, తలకు టోపీ తిరగేసి పెట్టుకుని వెళ్లాను. బౌన్సర్ జాలిగా చూసి, "ఈసారి మారువేషం బాగుంది సార్" అన్నాడు.

ఇక మందు సంగతి. మా వాషింగ్టన్ రాష్ట్రంలో చాలాకాలం స్ట్రిప్ క్లబ్బుల్లో మందు అమ్మనివ్వలేదు. అందరి చేతుల్లోనూ కూల్‌డ్రింకులే. ఆ కాలంలో కనీసం నా గ్లాసు మీద ఎవరికీ అనుమానం ఉండేది కాదు. 2024లో చట్టం మారింది, మందుకు దారి తెరిచారు. ఆ తర్వాత ఇప్పుడు క్లబ్బు మొత్తానికి నిమ్మకాయ సోడా తాగేవాణ్ని నేనొక్కణ్నే. అందరూ తడబడుతుంటే ఒక్కడే నిటారుగా నడిచి బాత్రూముకు వెళ్లి, చేతులు కడుక్కుని వస్తున్నాడు. వీడు డ్యూటీలో ఉన్నాడు కాబట్టే తాగడం లేదని చీకట్లో ఎవరో అనడం నా చెవులారా విన్నాను.

కాబట్టి అధికారులకు నా మనవి. పోలీసు కానివాళ్లకు 'పోలీసు కాడు' అని ఒక కార్డు ఇప్పించండి. ఫొటో, సీలు, సంతకం అన్నీ ఉండాలి. ఇంతవరకు రాశాక, అలాంటి కార్డు ఇచ్చేది పోలీసు శాఖే అవుతుందని, మొదటి వంద కార్డులూ మఫ్టీవాళ్లకే ఇస్తారని తట్టింది. పోనీ, 'మావాళ్లు చొక్కా దోపుకోరు' అని పోలీసు కమిషనరు బహిరంగ ప్రకటన చేస్తే? మర్నాటినుంచి అందరూ దోపుకుంటారు. నేను చిక్కుకుంది చట్టంలో కాదు, తర్కంలో. మనవి ఉపసంహరించుకుంటున్నాను.

ఇక ఏడోసారి సంగతి. విడాకుల పార్టీ రాత్రి క్రెడిట్ కార్డు కౌంటర్ దగ్గర మర్చిపోయాను. మర్నాడు సాయంత్రం తెచ్చుకోవడానికి ఒక్కణ్నే వెళ్లాను. జనం ఇంకా రాలేదు. కార్డు వెతుకుతున్నారు, కూర్చోమన్నారు. కూర్చున్నాను, గోడకు వీపు ఆనించి. ఒక డ్యాన్సర్ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడో లాయర్ లేకుండా మాట్లాడనన్న అమ్మాయే. నేను ఏమీ అడగలేదు. నాకు బుద్ధొచ్చింది.

"మీరు పోలీసు కాదని నాకు తెలుసు సార్" అంది.

నా చెవులను నేను నమ్మలేదు. ఎన్నాళ్లనుంచి అన్నాను, పాత అలవాటు.

"మొదటి రోజే. లాయర్ మాట ఊరికే అన్నాను, అప్పుడే లోపల పుకారు పుట్టించాను. ఇక్కడ మేమెవరమూ జీతగాళ్లం కాదు. ఒక్కో రాత్రి ఆడటానికి మేమే క్లబ్బుకు ఎదురు డబ్బు కడతాం. కొత్త చట్టం వచ్చి ఆ కోతకు హద్దు పెట్టింది, ప్రమాదమైతే నొక్కడానికి బటన్లు పెట్టమంది. చట్టం గోడ మీద అతికిస్తారు. అది పనిచేసేది మీరు వచ్చిన రోజే. మీరు గుమ్మంలో కనిపిస్తే చాలు, మేనేజర్ పరిగెత్తుకెళ్లి బటన్ పనిచేస్తోందో లేదో మూడుసార్లు నొక్కి చూస్తాడు. ఆ రాత్రి లెక్కలో ఒక్క డాలర్ తేడా రాదు. మాలో ఎవరైనా ఇబ్బంది పెట్టే కస్టమర్ గురించి చెబితే బౌన్సర్ వెంటనే కదులుతాడు. అందుకే, మీరు పోలీసేనని మేమే అందరికీ చెబుతుంటాం."

నాకు మాట రాలేదు. ఏడెనిమిదేళ్లు నేను మోసిన నింద ఆ గదిలో ఒక ప్రభుత్వ శాఖలా పనిచేస్తోందన్నమాట. జీతం లేదు, టీఏ లేదు.

"నెలకోసారైనా రండి" అంది. "చొక్కా దోపుకుని రండి. ఆ పూల చొక్కా వద్దు."

సరే అన్నాను. కానీ ఒక్క విషయం లోపల గుచ్చుకుంటూనే ఉంది. అంతమంది పొరబడ్డారు, నువ్వెలా కనిపెట్టావమ్మా అని అడిగాను.

"మఫ్టీలో వచ్చేవాళ్లు టిప్ ధారాళంగా ఇస్తారు సార్. వాళ్లది సర్కారు డబ్బు. మీరు బిల్లు మూడుసార్లు చదువుతారు."

కార్డు దొరికింది. తీసుకుని లేచాను. ఇన్నేళ్లూ ఏ మాట కోసం మొత్తుకున్నానో ఆ మాట చెవిన పడ్డాక తేలిగ్గా ఉండాలి. ఎందుకోగానీ కాస్త అవమానంగా అనిపించింది. గుమ్మం దాకా వెళ్లినవాణ్ని వెనక్కి వచ్చి, తాగిన ఒక్క సోడాకు ఎప్పుడూ ఇచ్చేదానికి నాలుగింతలు టిప్ బల్లమీద పెట్టి, రసీదు అడక్కుండా బయటికొచ్చేశాను. ఆ అమ్మాయికి కొంచెమైనా అనుమానం మిగలాలి కదా.